ముడుచుకొను వేళ్ళు – విద్యుదయస్కాంత చికిత్స: ఒక పరిశీలన

అరచేతిని బల్లపై బోర్లించి ఉంచినపుడు అరచేయియు, ఐదు వేళ్ళును బల్లకు చక్కగా ఆనవలెను. కొందరిలో, ముఖ్యముగా నడివయస్సు దాటినవారిలో, ఉంగరపు వేలో చిటికెన వేలో బల్లకు ఆనక వంగియే ఉండును. సాధారణముగా నొప్పి అంతగా ఉండదు. రెండవ చేతితో పట్టి సాచబోయినను ఆ వేలు సాగదు. అరచేతిలో ఆ వేలి మొదట చర్మము క్రింద త్రాడువంటి గట్టి పోగు ఒకటి తగులును. ఈ స్థితిని వైద్యులు డ్యుపుయిట్రన్ సంకోచము అందురు. పై బల్ల పరీక్షయే నేటికిని దానికి అన్నింటికంటె సులభమైన పరీక్ష.

ఈ వ్యాధిని విద్యుదయస్కాంత క్షేత్రముతో నయము చేయవచ్చునని చెప్పువారు కొందరు గలరు. మాట వినుటకు శాస్త్రీయముగనే ఉన్నది. అయస్కాంత కంకణములు, అయస్కాంత పరుపులు అమ్ముడుపోయిన మన పట్టణములలో ఇట్టి మాటకు శ్రోతలు కొరవడరు. భౌతికశాస్త్రమును, జీవశాస్త్రమును చదువుచున్న విద్యార్థులు ఆ మాటను నమ్ముటకు గాని త్రోసివేయుటకు గాని ముందు దానిని విడదీసి చూడగలరు. ఈ వ్యాసము అందుకు చేసిన చిన్న ప్రయత్నము.

ముందుగా చేతి నిర్మాణము. అరచేతి చర్మమునకు దిగువన, వేళ్ళను ముడుచు స్నాయుబంధనములకు పైన, పీచువంటి ఒక గట్టి పొర విసనకర్రవలె పరచుకొని ఉన్నది. మనము వస్తువును గట్టిగా పట్టుకొనునపుడు అరచేతి చర్మము జారిపోకుండ ఉండుటకు ఈ పొరయే కారణము. ముంజేతి వెనుక చర్మమును చిటికెతో పట్టి లాగినచో సులభముగా లేచును. అరచేతి చర్మము అట్లు లేవదు. పాఠకులు ఇప్పుడే పరీక్షించి చూచుకొనవచ్చును. డ్యుపుయిట్రన్ వ్యాధిలో చెడునది ఈ పొరయే. మొదట అరచేతిలో చిన్న గడ్డ పుట్టును. చర్మము అచ్చటచ్చట గుంటపడును. కొన్ని నెలలకో, కొన్ని సంవత్సరములకో ఆ గడ్డనుండి పోగు ఒకటి వేలివైపు సాగి, క్రమముగా బిగుసుకొని, వేలిని అరచేతిలోనికి లాగివేయును. ముఖము కడుగుకొనునపుడు వేలు కంటిలో గ్రుచ్చుకొనును. జేబులో చేయి పెట్టుట కష్టమగును. అన్నము కలుపుట, కరచాలనము చేయుట వంటి పనులు కూడ ఇబ్బందియగును.

బాసెల్ నగరపు వైద్యుడు ఫెలిక్స్ ప్లాటర్ 1614లోనే ఇట్టి చేతిని వర్ణించినాడు గాని, లోపము స్నాయుబంధనములో ఉన్నదని భావించినాడు. లండనులో హెన్రీ క్లైన్ 1777లో శవముల చేతులను కోసి చూచి, చెడినది స్నాయుబంధనము కాదు, దానిపైనున్న పొర అని గుర్తించినాడు. అయినను వ్యాధికి పేరు తెచ్చుకొన్నవాడు పారిస్‌లోని ఓతెల్ ద్యూ వైద్యశాలకు చెందిన గియోమ్ డ్యుపుయిట్రన్. ఈ వ్యాధి గల ఒక వృద్ధుడు మరణించగా ఆయన ఆ చేతిని సంపాదించి పరిశీలించినాడు. చర్మము తొలగించినను వేలు వంగియే ఉన్నది. అరచేతి పొరనుండి వచ్చు పోగులను కోయగానే వేలు సాగినది. స్నాయుబంధనములు నిర్దోషముగా కనబడినవి. 1831లో ఆయన ఒక ద్రాక్షసారాయి వర్తకుని చేతికి ఈ విధముగానే శస్త్రచికిత్స చేసినాడు. ఈథరు మత్తు వైద్యశాలలకు వచ్చుటకు ఇంకను పదునైదేండ్లు పట్టిన కాలమది. ఆ వర్తకుడు ఎంత ఓర్చుకొన్నాడో మనము ఊహించుకొనవలసినదే.

పేరు చూచి మోసపోరాదు. పేరులో సంకోచము ఉన్నను, ఇది కండరముల సంకోచము కాదు. 1972లో గబ్బియాని, మాజ్నో అను శాస్త్రజ్ఞులు ఈ గడ్డలలో మయోఫైబ్రోబ్లాస్ట్ అను ప్రత్యేక కణములు ఉన్నట్లు చూపినారు. ఇవి సంయోజక కణజాలములోని పీచుకణములే. కాని కండరకణములవలె ముడుచుకొను శక్తిని కూడ సంపాదించినవి. గాయము మానునపుడు అంచులను దగ్గరకు లాగునవి ఇవియే. గాయము మానిన పిదప అవి అదృశ్యము కావలెను. ఈ వ్యాధిలో గాయము లేకయే అవి పుట్టి, తమ పని ముగిసినదని ఎరుగనట్లు కొల్లాజన్ అను మాంసకృత్తును ఉత్పత్తి చేయుచు, దానిని బిగించుచు పోవును. కొల్లాజన్ మితిమీరి పుట్టుటయే ఇచ్చట దోషము అను సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. చికిత్స విషయమున ఇది మరల అవసరమగును.

వ్యాధి వంశపారంపర్యముగా వచ్చుట కలదు. ఉత్తర ఐరోపా సంతతివారిలో, అందును పురుషులలో ఇది ఎక్కువ. 2023లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 7,871 మంది రోగుల జన్యువులను 6,45,880 మంది ఇతరుల జన్యువులతో పోల్చి, వ్యాధికి దోహదము చేయు 61 జన్యుభేదములను గుర్తించినారు. వానిలో మూడు నియాండర్తల్ మానవులనుండి సంక్రమించినవని తేలినది. ఏనాడో అంతరించిన జాతి నేటి మనిషి వేలిని పట్టి వంచుచున్నదన్నమాట! మన దేశములో ఈ వ్యాధి ఐరోపాలో ఉన్నంత విరివిగా లేదు. అయితే మధుమేహము ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనబడును; మధుమేహము మన తెలుగు ప్రాంతములలో ఎంతగా వ్యాపించినదో చెప్పనక్కరలేదు. అట్టివారిలో వ్యాధి తీవ్రత కొంత తక్కువగా ఉండి, ఉంగరపు వేలితోబాటు నడిమి వేలికి కూడ సోకును. మధుమేహమువలన చేతి కీళ్ళు బిగుసుకొను మరియొక స్థితియు కలదు. అందులో రెండు చేతులు జోడించినను అరచేతులు, వేళ్ళు పూర్తిగా ఒకదానికొకటి ఆనవు. నడుమ సందు మిగులును. వేళ్ళు వంగినవని వచ్చినవానికి మొదట రక్తములోని చక్కెర పరీక్ష చేయించుట మంచిదనుట ఇందువలననే.

మన దేశములో ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటి ఉన్నది. ఉంగరపు వేలు, చిటికెన వేలు వంగుటకు కుష్ఠువ్యాధి కూడ కారణము కావచ్చును. మోచేతి వెనుకనుండి పోవు అల్నార్ నాడిని ఆ వ్యాధి దెబ్బతీసినపుడు ఈ రెండు వేళ్ళే గోళ్ళ పంజావలె వంగును. చూపునకు రెండును ఒకే తీరుగా ఉన్నను భేదములు స్పష్టములు. డ్యుపుయిట్రన్ వ్యాధిలో వేలి మొదటి కీలు అరచేతివైపు వంగును, అరచేతిలో పోగు తగులును, స్పర్శజ్ఞానము మామూలుగా ఉండును, పట్టి లాగినను వేలు సాగదు. కుష్ఠులో మొదటి కీలు వెనుకకు విరిగినట్లుండి పై కీళ్ళు మాత్రమే వంగును, అరచేతిలో పోగు ఉండదు, చిటికెన వేలివైపు స్పర్శ తగ్గును, తొలిదశలో రెండవ చేతితో వేలిని సాచవచ్చును. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు 1940ల చివర ఇట్టి చేతులకే స్నాయుబంధనములను మార్చి అమర్చు శస్త్రచికిత్సను అభివృద్ధి చేసి, ఎందరికో మరల పని చేసుకొను చేతులను ఇచ్చినాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్సతో కుష్ఠు 6 నెలలలో గాని 12 నెలలలో గాని నయమగును, మందులు ఉచితము. కనుక స్పర్శ పోయిన వేలికి అయస్కాంతమును కట్టి కూర్చున్నవాడు పోగొట్టుకొనునది ధనము మాత్రమే కాదు. ఆ నెలలలో నాడి చచ్చిపోవును. చచ్చిన నాడిని మందులు తిరిగి తేలేవు.

ఇక విద్యుదయస్కాంతము. ఆశ్చర్యకరమైన యాదృచ్ఛికము ఏమనగా, పారిస్‌లో డ్యుపుయిట్రన్ తన శస్త్రచికిత్స చేసిన 1831లోనే, ఆగస్టు 29వ తేదీన, లండనులో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాడు. మారుచున్న అయస్కాంత క్షేత్రము తన చుట్టు విద్యుత్ క్షేత్రమును పుట్టించును అనుటయే దాని సారాంశము. ఇచ్చట 'మారుచున్న' అను మాట ప్రధానము. కంకణములో అతికించిన అయస్కాంతము మారని క్షేత్రమును ఇచ్చును. నిశ్చలమైన చేతిలో అది ఏ విద్యుత్తును ప్రేరేపింపదు. రక్తములో ఇనుము ఉన్నది గనుక అయస్కాంతము రక్తమును లాగునను వాదము ఒకటి తరచు వినబడును. రక్తములోని ఇనుము మేకులోని ఇనుము వంటిది కాదు. ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిన్ అయస్కాంతముచే ఆకర్షింపబడదని, పైగా అతి స్వల్పముగా వికర్షింపబడునని పాలింగ్, కోర్యెల్ 1936లోనే ప్రయోగపూర్వకముగా చూపినారు.

మారు క్షేత్రముతో చేయు చికిత్స ఇంతకంటె గౌరవనీయమైనది. దాని చరిత్ర ఎముకతో ప్రారంభమైనది. 1957లో జపాను శాస్త్రజ్ఞులు ఫుకాదా, యసూదా ఎముకను ఒత్తినపుడు దానిలో విద్యుత్ విభవము పుట్టునని చూపినారు. ఒత్తిడివలన విద్యుత్తు పుట్టి, ఆ విద్యుత్తు ఎముక పెరుగుదలకు సంకేతమగుచున్నచో, బయటనుండి విద్యుత్తును ప్రేరేపించి అతుకని ఎముకను అతికింపరాదా అని ఆలోచించినవాడు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రూ బాసెట్. ఆయనయు, సహచరులును 1974లో తమ ఫలితములను ప్రకటించినారు. 1979లో అమెరికా ఆహార, ఔషధ పాలన సంస్థ అతుకని ఎముకల విషయమున ఈ పరికరమునకు అనుమతి ఇచ్చినది. ఆ అనుమతి ఎముకలకు సంబంధించినదే గాని అరచేతి పొరకు సంబంధించినది కాదు.

భౌతికశాస్త్ర విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. తీగచుట్టల నడుమ చేయి ఉంచినామనుకొందము. క్షేత్రము 200 మైక్రోసెకండ్లలో సున్ననుండి 2 మిల్లీటెస్లాలకు పెరిగినది. మన ప్రాంతపు భూక్షేత్రము సుమారు 40 మైక్రోటెస్లాలు గనుక ఇది దానికి 50 రెట్లు. మార్పు వేగము సెకండుకు 10 టెస్లాలు. అరచేతిలో 3 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల వలయమును ఊహించినచో, దాని అంచున ప్రేరిత విద్యుత్ క్షేత్రము వ్యాసార్ధములో సగమును మార్పు వేగముతో గుణించగా వచ్చును; అనగా మీటరుకు 0.15 వోల్టు, సెంటీమీటరుకు ఒకటిన్నర మిల్లీవోల్టు. కణపు పొరకు అడ్డముగా సహజముగనే సుమారు 70 మిల్లీవోల్టులు ఉండును. ఆ పొర మందము కొన్ని నానోమీటర్లు మాత్రమే గనుక అచ్చటి క్షేత్రము మీటరుకు దాదాపు కోటి వోల్టులు. కోటి ఎక్కడ, ఆరింట ఒక వంతైనను లేని 0.15 ఎక్కడ! అయితే అల్పమైనది గనుక వ్యర్థమని ఇంతమాత్రమున తీర్పు చెప్పుట న్యాయము కాదు. జీవులు అల్పసంకేతములను గ్రహించుట ప్రకృతిలో లేకపోలేదు. లెక్క మనకు చెప్పునది ఇంతే: ఇట్టి క్షేత్రము పోగును వేడిచేయలేదు, కరగింపలేదు, త్రెంపలేదు. పనిచేసినచో కణములకు ఏదో సంకేతము ఇచ్చియే పనిచేయవలెను.

ఇచ్చటనే అసలు చిక్కు ఉన్నది. ఎముక విషయమున ఆ సంకేతము ఏమి చేయునని చెప్పినారు? కణములను ప్రోత్సహించి, కొల్లాజన్‌ను, దానిపై ఖనిజమును పెంచునని. అరచేతిలో మనకు కావలసినది దీనికి సరిగా విరుద్ధము. అచ్చట కణములు ఇప్పటికే మితిమీరిన ఉత్సాహముతో ఉన్నవి; వానిని శాంతింపజేయవలెను. ఒకచోట పెంచునది వేరొకచోట తగ్గించునని చెప్పువారు అందుకు కారణమును, అంతకంటె ముఖ్యముగా ప్రయోగ ఫలితమును చూపవలెను. ఎరువు వేసిన కలుపు మొక్క ఎండిపోవునని చెప్పిన వ్యాపారిని మన రైతు ఎన్ని ప్రశ్నలు అడుగునో అన్నియు అడుగవలెను. చేతి శస్త్రవైద్యుల ప్రామాణిక చికిత్సలలో నేటికిని విద్యుదయస్కాంత క్షేత్రమునకు స్థానము లేదు.

"ఫలానావారికి తగ్గినది గదా" అని కొందరు ప్రశ్నింతురు. ఈ వ్యాధి నడక చిత్రమైనది. అరచేతిలో గడ్డ పుట్టిన వారందరికిని వేలు వంగదు. కొందరిలో వ్యాధి అనేక సంవత్సరములు కదలక నిలిచిపోవును. కొన్ని గడ్డలు తమంతట తామే మెత్తబడును. అట్టి విరామములో కంకణమును తొడిగినవాడు ఆ ఘనతను కంకణమునకే ఇచ్చును. ఇది అబద్ధము చెప్పుట కాదు; కన్నది చెప్పుటయే. కాని తొడగని చేయి ఏమైయుండెడిదో అతడు చూడలేదు.

ఆ చూడని దానిని చూచుటకే శాస్త్రజ్ఞులు ఉత్తుత్తి చికిత్సతో పోల్చు పద్ధతిని కల్పించినారు. దాని ఆరంభములలో ఒకటి అయస్కాంతపు పేరుతోనే జరిగినది. మెస్మర్ ప్రచారము చేసిన 'ప్రాణి అయస్కాంత శక్తి'ని పరీక్షించుటకు ఫ్రాన్సు రాజు 16వ లూయీ 1784లో ఒక సంఘమును నియమించినాడు. అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజే వంటివారు సభ్యులు. తోటలో ఒక చెట్టుకు 'శక్తి'ని ఎక్కించి, ఒక బాలునికి కండ్లకు గంతలు కట్టి వరుసగా చెట్లను కౌగిలించుకొనుమన్నారు. బాలుడు నాలుగవ చెట్టువద్ద మూర్ఛిల్లినాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కానేకాదు!

ఎముకల పరికరము సైతము ఈ పరీక్షనుండి తప్పించుకొనలేదు. 1984లో ఇంగ్లండులోని షెఫీల్డులో బార్కర్, ఆయన సహచరులు అతుకని కాలి ఎముక గల 16 మందిలో కొందరికి పనిచేయు పరికరమును, కొందరికి పనిచేయని నకలును ఇచ్చినారు. ఎవరిది ఏదో రోగులకును తెలియదు, వైద్యులకును తెలియదు. నిజమైన పరికరముతో 9 మందిలో 5 గురికి, నకలుతో 7 గురిలో 5 గురికి ఎముక అతికినది. సంఖ్య చిన్నది, తరువాత జరిగిన వేరు పరీక్షలలో పరికరమునకు అనుకూలమైన ఫలితములు కూడ వచ్చినవి. అయినను నకలు లేకుండ చూచినచో 9లో 5 ఎంత ఘనవిజయముగా తోచెడిదో విద్యార్థులు ఆలోచింపవచ్చును. ఆ బార్కరే మరుసటి సంవత్సరము, 1985లో, బలమైన మారు క్షేత్రముతో పుర్రెపైనుండి మెదడును ప్రేరేపించి చేతివేళ్ళను కదిలించి చూపినాడు. ఆ పద్ధతి 2008లో అమెరికాలో మానసిక కుంగుబాటుకు చికిత్సగా అనుమతి పొందినది. ఆయన విద్యుదయస్కాంతమునకు శత్రువు కాడనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

మరి వేలు వంగినవాడు ఏమి చేయవలెను? గడ్డ మాత్రమే ఉండి బల్ల పరీక్షలో చేయి చక్కగా ఆనుచున్నచో సాధారణముగా కనిపెట్టి ఉండిన చాలును. ఆననిచో చేతి శస్త్రవైద్యునికి చూపవలెను. వేలి మొదటి కీలు చాలకాలము వంగియున్నను పోగును తీసినచో చాలవరకు సాగును. నడిమి కీలు అట్లు కాదు. అది ఎక్కువ కాలము వంగియున్నచో కీలు చుట్టునున్న బంధనములే కుంచించుకొనిపోవును; తరువాత పోగును తొలగించినను వేలు పూర్తిగా నిటారు కాదు. ఫలము లేని చికిత్సవలన కలుగు నష్టములో పెద్దది ఈ కాలహరణమే.

చెడిన పొరను కోసి తొలగించుట, సూదిమొనతో పోగును త్రెంపుట నేడు వాడుకలో ఉన్న పద్ధతులు. కొల్లాజన్‌ను కరగించు ఎంజైమును పోగులోనికి ఎక్కించు పద్ధతికి 2010లో అమెరికాలో అనుమతి లభించినది. దానికి ఆధారమైన 308 మంది రోగుల పరీక్షలో ఎంజైము ఎక్కించిన కీళ్ళలో నూటికి 64, ఉత్తుత్తి మందు ఎక్కించిన కీళ్ళలో నూటికి 7కు లోపు నిటారైనవి. ఏ పద్ధతి అనుసరించినను కొంతకాలమునకు వ్యాధి తిరుగబెట్టుట కలదు; ఈ సంగతిని మంచి వైద్యుడు ముందుగనే చెప్పును.

ఇంత విన్న పిదపను క్షేత్ర చికిత్సను ప్రయత్నింపదలచినవారు గుండెకు పేస్‌మేకరు గలవారైనచో దానికి దూరముగా ఉండవలెను. మారు క్షేత్రము ఆ యంత్రపు పనిని చెదరగొట్టవచ్చును. ఇతరులు కూడ అమ్మువానిని ఒక ప్రశ్న అడుగవచ్చును: పనిచేయని నకలుతో పోల్చి చూచినారా?

గడ్డ దశలోనే వ్యాధిని ఆపు ప్రయత్నములు ఇతర మార్గములలో జరుగుచున్నవి. కీళ్ళవాతమునకు వాడు అడాలిముమాబ్ అను మందును గడ్డలోనికే ఎక్కించి బ్రిటన్, నెదర్లాండ్స్ వైద్యులు జరిపిన పరీక్ష 2022లో ప్రకటితమైనది. 140 మంది రోగులలో కొందరికి మందు, కొందరికి ఉప్పునీరు, మూడు నెలల కొకసారి చొప్పున నాలుగు మార్లు ఇచ్చినారు. మందు పొందినవారి గడ్డలు ఏడాదికి మెత్తబడినవి. పద్దెనిమిదవ నెలకు పరిమాణములో కూడ తగ్గినవి. మెత్తబడిన ఆ గడ్డలనుండి పోగు పుట్టకుండ ఉండునా, వేలు వంగకుండ నిలుచునా అనునది తేలుటకు ఆ చేతులను ఇంకను అనేక సంవత్సరములు బల్లపై బోర్లించి చూడవలసి ఉన్నది.